కుంచం, కాటా, తేమ మీటరు: మా ఊరి ధాన్యం కొలతలు

మా ఊరు తెనాలికీ రేపల్లెకూ మధ్యన, కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉంది. సార్వాలో, అంటే వానాకాలం పంటగా వరి, ఆ వరి కోతకు రాకముందే చేలో చల్లే మినుము, కాలవకు దగ్గరగా ఉన్న మెరక నేలల్లో పసుపు, కంద, అరటి. ఇవే మా ఊరి పంటలు. పంట పండించడంలోని కష్టసుఖాల గురించి చాలామంది రాశారు కానీ, పండిన పంటను ఎలా కొలిచేవారో, కొలిచేటప్పుడు కుంచం ఎవరి చేతిలో ఉండేదో, కొలిచిన తరువాత అది డబ్బుగా ఎలా మారేదో అంత వివరంగా రాసినవారు తక్కువ. రైతు ఏడాది కష్టం తేలేది ఆ కొలత దగ్గరే కాబట్టి, నేను చూసినంత వరకు, ఇంట్లో పెద్దలు చెప్పగా విన్నంత వరకు రాసి ఉంచాలని అనిపించింది. నేను పెరిగిన ఇంట్లో మూడు కాలాల కొలతలు ఒకేసారి చెల్లుబాటయ్యేవి. తాతయ్య పంటను పుట్లలో చెప్పేవారు, నాన్న బస్తాల్లో చెప్పేవారు, బడిలో మా పంతులుగారు క్వింటాళ్లలో లెక్కలు చేయించేవారు.

కొలతల వరుస నాకు బడిలో కాక నాయనమ్మ దగ్గర వచ్చింది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం, రెండు కుంచాలు ఒక ఇరస, రెండు ఇరసలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఐదు తూములను ఏదుము అనీ, పది తూములను పందుము అనీ అనేవారు. గిద్ద నుంచి సోలకు వెళ్లేటప్పుడు తప్ప, తూము దాకా ప్రతి కొలతా దాని కింది కొలతకు సరిగ్గా రెట్టింపు. చదువు రాని మనిషి కూడా ఏ రాశినైనా తప్పు లేకుండా సగం చేయగలిగేలా, సగాన్ని మళ్లీ సగం చేయగలిగేలా ఈ వరుసను ఎవరో బాగా ఆలోచించి పెట్టారని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. భూమిగల రైతుకూ సాగు చేసిన రైతుకూ మధ్య సగపాలు పంచుకునే ఊళ్లో ఇంతకన్నా పనికివచ్చే లెక్క ఉండదు.

ఇవన్నీ గింజను నింపి కొలిచే కొలతలు. బరువుతో అమ్మే సరుకులకు, అంటే పసుపు, మిరప, బెల్లం, చింతపండు వంటి వాటికి వేరే వరుస ఉండేది. అందులో తులం, పలం, సేరు, వీశ, మణుగు, బారువ అని మెట్లు. ఎనిమిది వీశలు ఒక మణుగు, ఇరవై మణుగులు ఒక బారువ. మద్రాసు ప్రెసిడెన్సీలో చెల్లిన లెక్క ప్రకారం మణుగు 25 పౌండ్లు, బారువ 500 పౌండ్లు, అంటే నేటి లెక్కలో మణుగు పదకొండు కిలోల పైచిలుకు, బారువ 227 కిలోలకు కాస్త తక్కువ. 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చి, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా కిలోలు, క్వింటాళ్లు అమలులోకి వచ్చాయి. చట్టం వచ్చిన తరువాత పుట్టినవాణ్నే అయినా, నా చిన్నతనమంతా నేను వీశలూ మణుగులూ వింటూనే పెరిగాను. కందను తూచే అమ్మినా, దాని ధరను మా వైపు ఇప్పటికీ పుట్టి చొప్పునే చెబుతారు. చట్టం మార్చిన మాట నోటి మీదకు రావడానికి రెండు తరాలు పట్టింది, కొన్ని పంటలకు ఇంకా రాలేదు.

కళ్లంలో కొలత జరిగే తీరు నాకు బాగా గుర్తు. కోసిన వరిని పనలుగా చేలో ఆరనిచ్చి, కట్టలు కట్టి, కుప్ప వేసేవారు. కుప్ప కొన్ని వారాలు మాగిన తరువాత నూర్పిడి. కళ్లాన్ని చెక్కి, నీళ్లు చల్లి, పేడతో అలికి గట్టిపరిచేవారు. పశువులను వరుసగా కట్టి తొక్కించడం నా చిన్నతనంలో ఇంకా ఉంది, తరువాత ట్రాక్టరుతో తొక్కించడం వచ్చింది. గడ్డి దులిపి, గింజను పోగుచేసి, గాలివాటు చూసుకుని చాటలతో తూర్పార పట్టేవారు. గట్టి గింజ కాళ్ల దగ్గర పడేది, తాలు కొంచెం అవతల పడేది, పొట్టు ఎగిరిపోయేది. గట్టి గింజతో రాశి పోసి, సాయంత్రమైతే రాశి చుట్టూ బూడిదతో గీత గీసి, పైన కూడా బూడిదతో గుర్తులు వేసి, అక్కడే మంచం వేసుకుని కాపలా పడుకునేవారు. రాత్రి ఎవరైనా గింజ తీస్తే ఆ గీత చెదిరిపోయి తెల్లవారేసరికి తెలిసిపోతుంది.

కొలిచేది ఎప్పుడూ ఉదయం పూటే. తాతయ్య తూర్పుముఖంగా నిలబడి రాశికి దండం పెట్టుకున్నాక కొలత మొదలయ్యేది. కొలిచే మనిషి ఇనుప కుంచాన్ని రాశిలోకి దించి నింపి, అరచేత్తో అంచు వెంట గింజను రాసి, గోతాంలోనో గంపలోనో పోసేవాడు. మొదటి కుంచాన్ని “ఒకటి” అనేవారు కాదు, “లాభం” అనేవారు. “లాభం, లాభం” అని సాగదీస్తూ పోసి, రెండో కుంచం రాశిలో దించేటప్పుడు “రెండు, రెండు” అని అందుకునేవాడు. లెక్క తప్పకుండా ఉండటానికి ప్రతి సంఖ్యనూ కుంచం ఖాళీ అయ్యేవరకు పలుకుతూనే ఉండాలి. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు, పిల్లలను కళ్లంలోకి రానిచ్చేవారు కాదు. తాతయ్య ఒక పక్కన కూర్చుని తూముకు ఒకటి చొప్పున చిటికెడు గింజలు నేల మీద వరుసగా పెట్టేవారు. ఇరవై కుప్పలైతే ఒక పుట్టి. కొలిచే మనిషి నోటి లెక్క, తాతయ్య నేల మీది లెక్క రెండూ ఒకటైతేనే ఆ పుట్టి తేలినట్టు. ఒకసారి రెండూ కలవకపోతే మొత్తం తిరిగి కొలిపించడం నేను చూశాను. ఎవరూ కోపగించుకోలేదు. లెక్క కుదరనప్పుడు మళ్లీ కొలవడం మర్యాదకు సంబంధించిన విషయం కాదనీ, పనిలో భాగమేననీ ఆనాటివారు అనుకునేవారు.

రాశి ఇంటికి చేరే ముందే అందులోంచి వెళ్లవలసినవి వెళ్లేవి. చాకలికి, మంగలికి, వడ్రంగికి, కమ్మరికి, కుమ్మరికి ఏడాది పొడుగునా చేసిన పనికి ఇచ్చే గింజలను మేర అనేవారు. నాగలి కర్రు సానపట్టినా, బండి ఇరుసు బాగుచేసినా అప్పటికప్పుడు డబ్బు అడిగేవారు కాదు, కళ్లంలో ఇంత అని మాట ఉండేది. కోత కోసినవారికి, కుప్ప నూర్చినవారికి కూలి కూడా కుంచాల్లోనే. ఆ పద్ధతిని ఇప్పుడు చాలామంది మురిపెంగా తలుచుకుంటారు. నాకు అంత మురిపెం లేదు. ఎవరికి ఎంత అన్నది పనిని బట్టి కాక కులాన్ని బట్టి, అలవాటును బట్టి నడిచేది. అందరికన్నా ఎక్కువ ఒళ్లు వంచినవారు అందరికన్నా చివర నిలబడి, కళ్లం ఊడ్చగా వచ్చిన మట్టి గింజలు చెరుక్కుని వెళ్లడం కూడా ఆ కళ్లంలోనే చూశాను. గింజ రూపంలో వచ్చే కూలికి ఒక మేలు మాత్రం ఉండేది. ధర పెరిగిన ఏడాది ఆ ఇంట్లో బియ్యం కొనుక్కోవలసిన అవసరం తగ్గేది.

కుంచంలో ఉన్న చిక్కు కూడా చెప్పాలి. పేరు ఒకటే అయినా ఒక ఊరి కుంచం పక్క ఊరి కుంచంతో సరిపడేది కాదు. అంచుకు సమంగా రాసి కొలవడం ఒక పద్ధతి, పైన గోపురంగా నిలిచేంత వరకు పోసి కొలవడం ఇంకొక పద్ధతి. గోపురంగా పోస్తే కుంచానికి ఎంత ఎక్కువ పడుతుందనేది పోసేవాడి చేతి వాటం. కుంచాన్ని నేల మీద రెండుసార్లు తట్టి నింపితే గింజ సర్దుకుని మరికొంత పడుతుంది, తట్టకుండా పైనుంచి వదులుగా పోస్తే తక్కువ పడుతుంది. కొన్ని ఇళ్లలో రెండు కుంచాలు ఉండేవని అందరికీ తెలుసు. కూలి ఇచ్చేటప్పుడు చిన్నది, అప్పు ఇచ్చిన ధాన్యం తిరిగి తీసుకునేటప్పుడు పెద్దది. ఒకటికి ఒకటిన్నర వడ్డీ కట్టే మనిషికి కుంచంలో కూడా మోసం జరిగితే ఇక మిగిలేది ఏముంటుంది? మా నాయనమ్మ ఈ విషయంలో చాలా కచ్చితంగా ఉండేది. పనివాళ్లకు కొలిచేటప్పుడు కుంచాన్ని తనే పట్టుకుని, గోపురంగా పోసి, పైన ఇంకొక గుప్పెడు వేసి ఇచ్చేది.

ఇంకొక సంగతి ఏమిటంటే, నింపి కొలిచే కొలతకు గింజ రకం తెలియదు. అక్కుళ్లు, కృష్ణకాటుకలు వంటి పాత రకాలు ఉన్న రోజుల్లో ఊరంతా దాదాపు ఒకే గింజ కాబట్టి ఇబ్బంది తెలిసేది కాదు. 1982లో మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ, 1986లో మా పక్కనే ఉన్న బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చాయి. ఒకే ఊళ్లో లావు గింజ, సన్న గింజ పక్కపక్కన పండుతున్నప్పుడు ఒకే కుంచంలో పట్టే బరువు ఒకటి కాదు. కొత్త ధాన్యానికీ పాత ధాన్యానికీ కూడా అంతే తేడా. పచ్చిగింజ ఉబ్బి ఉంటుంది, ఎండిన గింజ సర్దుకుంటుంది. కాబట్టి తూకం రావడం రైతుకు మేలు చేసిందని నేను గట్టిగా నమ్ముతాను. నాన్న కూడా అదే అనేవారు. తాతయ్య మాత్రం చివరిదాకా కుంచాన్నే నమ్మారు. గింజ ఎంత ఉందో కుంచంలో కంటికి కనిపిస్తుందనీ, కాటాలో కనిపించేది ముల్లు మాత్రమేననీ ఆయన వాదన.

నాకు జ్ఞాపకాలు మొదలయ్యేసరికి అమ్మకం మాత్రం పూర్తిగా బస్తాల్లోనే జరిగేది. మా వైపు బస్తా అంటే 75 కిలోలు. ఇప్పటికీ దిగుబడి చెప్పినా, కౌలు మాట్లాడుకున్నా ఈ బస్తాతోనే. సంక్రాంతి దగ్గరపడేసరికి మిల్లుల తరఫున బేరం కుదిర్చే మధ్యవర్తులు ఊళ్లోకి వచ్చేవారు. వాళ్లలో ఒకరు రాశి మధ్యలోకి చేయి దూర్చి గుప్పెడు గింజలు తీసి, అరచేతిలో నలిపి, పొట్టు ఊది, బియ్యం రంగు చూసి, రెండు గింజలు పంటి కింద వేసుకునేవారు. గింజ “కటుక్కు”మంటే ఆరినట్టు, మెత్తగా నలిగితే ఆరనట్టు. ఆ ఒక్క చప్పుడు మీద బస్తాకు కొన్ని రూపాయలు పెరగడమో తగ్గడమో జరిగేది. గోతాలకు ఎత్తిన ధాన్యమైతే, ఒక కొస పదునుగా ఉండే ఇనుప గొట్టాన్ని గోతాంలో గుచ్చి లోపలి గింజను బయటికి లాగి చూసేవారు.

బేరం కుదిరితే ఇంటికే కాటా వచ్చేది. తొలిరోజుల్లో మూడు కర్రలు ముక్కాలుగా నిలబెట్టి, దానికి పెద్ద త్రాసు వేలాడదీసి, ఒక తట్టలో 50, 20, 5 కిలోల గుండ్లు వేసి, గోతాం బరువు కింద ఇంకొక కిలో గుండు వేసేవారు. రెండో తట్టలో బస్తా. నాన్న మూడు విషయాల్లో ఎంత తొందరలోనైనా రాజీపడేవారు కాదు. ఖాళీ తట్టలు సమంగా నిలుస్తున్నాయో లేదో ముందుగా చూడాలి. గుండ్ల అడుగున తూనికలు, కొలతల శాఖవారి ముద్ర ఉండాలి. బస్తా ఊగడం ఆగి, దాని అడుగు నేలకు ఆనకుండా ఉన్నప్పుడే ముల్లు చూడాలి. తరువాత చక్రాల మీద నడిచే ప్లాట్‌ఫారం కాటా వచ్చింది. దాన్ని ఎగుడుదిగుడు నేల మీద పెడితే తూకం మారిపోతుంది కాబట్టి, నాన్న ముందుగానే అరుగు పక్కన ఒక పలక రాయి పరిపించి పెట్టారు. ఊళ్లో చాలామంది ఆ రాయి మీదే తూయించుకునేవారు. ఎవరి బస్తాలు తూస్తున్నా నాన్న బయటికి వచ్చి నిలబడేవారు.

తూకం పడిన బస్తా మూతిని దబ్బనంతో, పురికొసతో కుట్టేవారు. ఆ కుట్టు వేసే చేతుల వేగం పిల్లలకు వింతగా ఉండేది. ముఠా కూలీలు కొక్కేలు గుచ్చి వీపు మీదకు ఎత్తుకుని బండిలో వేసేవారు. మా అన్నయ్య గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాడు, నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి. ఐదు బస్తాలకు ఒక కట్ట. సాయంత్రం మధ్యవర్తి పుస్తకంలోని అంకె, గోడ మీది అంకె సరిచూసుకున్నాకే చీటీ రాసేవారు. డబ్బు మాత్రం అప్పుడే వచ్చేది కాదు. కొంత బయానా, మిగిలింది మిల్లువారి దగ్గర నిలవ. పెళ్లిళ్లకూ ఎరువులకూ అవసరం పడినప్పుడు విడతలుగా తెచ్చుకోవడమే. ఆ నిలవ మీద వడ్డీ అడిగిన రైతును నేను చూడలేదు. అదే రైతు ముందుగా పెట్టుబడి తెచ్చుకుని ఉంటే మాత్రం వడ్డీ లెక్క రోజుతో సహా ఉండేది. ఈ ఒక్క విషయం నాకు అప్పుడూ అన్యాయంగానే తోచింది, ఇప్పుడూ అలాగే తోస్తుంది.

అమ్మని ధాన్యం పురికి వెళ్లేది. గడ్డితో పేనిన తాడును గుండ్రంగా చుట్టుకుంటూ, లోపల గింజ పోసుకుంటూ, మనిషికన్నా ఎత్తుగా కట్టే పురిని ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. వేసవిలో ధర పెరుగుతుందని ఆగగలిగినవాడికే పురి. అప్పు ఉన్నవాడి ధాన్యం కళ్లం నుంచే వెళ్లిపోయేది. ఒకే చేను గట్టుకు అటూ ఇటూ పండిన ఒకే గింజకు, ఆగగలిగినవాడికీ ఆగలేనివాడికీ మధ్య ధరలో తేడా అంతా ఇంతా కాదు. ఆగినవాడికి కూడా పూర్తి లాభం ఉండదు. ఎండే కొద్దీ గింజ బరువు తగ్గుతుంది, ఎలుకలు తింటాయి, పురుగు పడుతుంది. పురి విప్పేనాటికి తరుగు ఎంత పోతుందో నాన్న ముందే ఒక అంచనా వేసుకుని, ధర అంతకన్నా ఎక్కువ పెరిగితేనే ఆగినందుకు ఫలితం ఉన్నట్టు లెక్క వేసేవారు.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. మా ఊరికి సముద్రం రాలేదు కానీ గాలీ వానా చేలను నేలమట్టం చేశాయి. కోతకు వచ్చిన పంట నీళ్లలో పడింది, నీళ్లు తీసే దారి లేదు. వెన్నుల మీదే గింజ మొలకెత్తింది. దాన్ని గట్ల మీదకు మోసి, రోడ్ల మీద ఆరబెట్టి నూర్చితే వచ్చిన గింజ నల్లబారి ఉంది. అటువంటి ధాన్యాన్ని ఉప్పుడు బియ్యానికి తప్ప వాడలేరు. అప్పుడు వచ్చిన కొనుగోలుదారులు తూయనవసరం లేదనీ, మొత్తం రాశికి గుత్తగా ఇంత ఇస్తామనీ అన్నారు. చాలామంది ఇచ్చేశారు, వాళ్లను తప్పు పట్టలేం. ఇంట్లో తినడానికి గింజ లేని రోజులవి. నాన్న మాత్రం తూకం లేని బేరానికి ఒప్పుకోలేదు. “ధర మీ ఇష్టం, తూకం మాత్రం వేయాల్సిందే. ఎంత పండిందో నాకు తెలియకుండా ఇవ్వను” అన్నారు. తూస్తే ఆ కొనుగోలుదారులు కంటితో వేసిన అంచనా కన్నా బస్తాలు బాగా ఎక్కువే వచ్చాయి. ధర తక్కువే అయినా ఎక్కువ బస్తాలకు డబ్బు వచ్చింది. తరువాత మరికొందరు కూడా కాటా అడిగారు.

ధాన్యం ఇంటి దగ్గరే అమ్ముడుపోయేది కానీ పసుపు అలా కాదు. ఉడికించి, ఎండబెట్టి, మెరుగు పట్టిన పసుపును మేము దుగ్గిరాల యార్డుకు తీసుకువెళ్లేవాళ్లం. వేళ్లలా పొడుగ్గా ఉండే కొమ్ముకు ఒక ధర, గుండ్రటి కాయకు ఒక ధర. వ్యాపారి కొమ్మును రెండుగా విరిచి, లోపలి రంగు చూసి, విరిగినప్పుడు వచ్చిన చప్పుడు విని ధర చెప్పేవాడు. మార్కెట్ యార్డులకు ఆధారమైన చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1966లో వచ్చింది. అంతకు ముందు మద్రాసు రాష్ట్రంలో 1933 నాటి వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం ఉండేది. యార్డులో నాకు నచ్చినది ఒకటే, అక్కడ ధర అందరి ముందూ పలుకుతారు. పక్క కుప్పకు ఎంత వచ్చిందో మన కుప్ప పక్కనే నిలబడి తెలుసుకోవచ్చు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల, అంటే మిరప బస్తాల వరుసలు కనుచూపు మేర ఉంటాయి. అక్కడ కూడా టిక్కీ కోసి నమూనా తీసి, రంగూ తొడిమా చూసి ధర కడతారు.

మా మేనత్తగారి ఊరు ఖమ్మం దగ్గర. వాళ్లు పత్తినీ మిరపనూ ఖమ్మం మార్కెట్‌కు తెచ్చినప్పుడు మామయ్యతో పాటు వెళ్లాను. అక్కడ పనులు ఇవే కానీ పేర్లు వేరు. కమిషను వ్యాపారిని అడ్తిదారు అంటారు, తూకం వేసేవాణ్ని దడ్వాయి అంటారు, అమ్మకం చీటీని తక్‌పట్టీ అంటారు, తూకంలో కోసుకునేదాన్ని కడ్తా అంటారు. మామయ్య ఇంటికి వచ్చాక తక్‌పట్టీని నేల మీద పరిచి, అందులో కమిషను, హమాలీ, దడ్వాయి కూలి ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపిస్తూ, ఇంటి నుంచి బయలుదేరిన బరువుకూ చేతికి వచ్చిన డబ్బుకూ మధ్య ఎన్ని మెట్లు ఉన్నాయో మాకు వివరించారు. ఆయన పెద్దగా చదువుకోలేదు, కానీ అంత స్పష్టంగా లెక్క చెప్పిన మేష్టరు నాకు తరువాత కూడా దొరకలేదు.

ఇప్పుడు మా చేలు తమ్ముడు చేయిస్తున్నాడు. కళ్లం లేదు, కుప్ప లేదు. కోత యంత్రం ఉదయం చేలో దిగితే మధ్యాహ్నానికి గింజ ట్రక్కులో ఉంటుంది. పని తేలికైంది కానీ ఒక కొత్త చిక్కు వచ్చింది. కుప్పలో వారాల తరబడి మాగి ఆరిన గింజకూ, ఆ పూటే చేలోంచి వచ్చిన పచ్చి గింజకూ తేమలో చాలా తేడా ఉంటుంది. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. రంగు మారిన, దెబ్బతిన్న గింజ 5 శాతానికి లోపల, మట్టి, రాళ్లు 1 శాతానికి లోపల ఉండాలి. అందుకే నవంబరు, డిసెంబరు నెలల్లో మా వైపు రోడ్లన్నీ ధాన్యం పరిచి ఉంటాయి. తాతయ్య రోజుల్లో పంటి కింద తేలిన విషయాన్ని ఇప్పుడు అరచేతిలో పట్టే మీటరు చెబుతుంది. అయితే ఒకే రాశిలో పైనుంచి తీసిన గింజకూ అడుగు నుంచి తీసిన గింజకూ మీటరు రెండు అంకెలు చూపిస్తుంది. ఎక్కడి గింజ తీయాలో నిర్ణయించేది ఎవరన్నదే అసలు ప్రశ్న.

ఈ లెక్కను రూపాయల్లో చూస్తే దాని బరువు తెలుస్తుంది. 2025-26కి సాధారణ రకం ధాన్యానికి కనీస మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే మా 75 కిలోల బస్తాకు 1,776 రూపాయల 75 పైసలు. తేమ పేరుతోనో, తాలు పేరుతోనో, గోతాం పేరుతోనో బస్తాకు రెండు కిలోలు అదనంగా అడిగితే, ఎకరాకు ముప్ఫై బస్తాలు పండిన రైతుకు అరవై కిలోలు పోతాయి. ఆ అరవై కిలోల విలువ ఎకరాకు పద్నాలుగు వందల రూపాయలు దాటుతుంది. ధర గురించి అందరూ మాట్లాడతారు, పత్రికలు రాస్తాయి, ఏటా ప్రకటన వస్తుంది. ఈ రెండు కిలోల గురించి మాట్లాడేది మాత్రం కాటా దగ్గర నిలబడ్డ రైతు ఒక్కడే. కుంచం ఉన్నప్పుడు గోపురం దగ్గర పోయింది. కాటా వచ్చాక గోతాం బరువు దగ్గర పోయింది. ఎలక్ట్రానిక్ కాటా గ్రాములతో సహా చూపిస్తున్నప్పుడు తేమ దగ్గర పోతోంది. కొలత ఎంత సూక్ష్మమైతే, కోసుకోవడానికి కొలత బయట ఇంకొక కారణం వెతుకుతున్నారు.

మొన్నటి సార్వా ధాన్యం అమ్మినప్పుడు నేను ఊళ్లోనే ఉన్నాను. తమ్ముడు చేను పక్కనే బస్తాలను తన సొంత ఎలక్ట్రానిక్ కాటా మీద తూయించి, ప్రతి అంకెనూ ఫోనులో ఫొటో తీసుకున్నాడు. లారీని వే బ్రిడ్జి మీద ఖాళీగా ఒకసారి, నింపాక ఒకసారి తూయించి రెండు చీటీలూ తన దగ్గర పెట్టుకున్నాడు. రాశిలో మూడుచోట్ల నుంచి గింజ తీసి, కలిపి, తేమ చూపించి, ఆ అంకెను చీటీ వెనుక రాయించి సంతకం తీసుకున్నాడు. మిల్లు దగ్గర లారీ దిగేటప్పుడు, తేమ ఎక్కువగా ఉందనీ, బస్తాకు కొంత కోయాలనీ ఫోను వచ్చింది. తమ్ముడు ఆ చీటీలు పట్టుకుని అక్కడికే వెళ్లాడు. గట్టిగా మాట్లాడితే కోత సగానికి తగ్గింది, పూర్తిగా పోలేదు. డబ్బు కొన్ని రోజులకు బ్యాంకు ఖాతాలో పడింది. వచ్చే పంటకు ఊళ్లో నలుగురైదుగురు రైతులు కలిసి సొంతంగా ఒక తేమ మీటరు కొనుక్కోవాలనీ, ఎవరి ధాన్యం లారీ ఎక్కుతున్నా మిగిలినవారిలో ఒకరు దగ్గరుండి చూడాలనీ అనుకున్నారు. మీటరుకు కావలసిన డబ్బు ఇప్పటికే పోగుచేశారు.